అయరకోచా మూగబోయిన ఇరవై ఐదు నిమిషాలు

అయరకోచా సరస్సు నుంచి చివరి కబురు పది గంటల నలభై రెండు నిమిషాలకి వచ్చింది. నీటి మట్టం, మంచు అడుగున అదురు, కెమెరా బొమ్మ, అన్నీ మామూలే. ఆ వెంటనే నేరిదా కౌషి ఎంటర్ నొక్కింది. తెర మీద మిణుకుమనే గీత ఆగిపోయింది.

ఇంకోసారి నొక్కింది. ఏమీ లేదు. మూడోసారి నొక్కబోయి వేలు వెనక్కి తీసుకుంది. తను ఏం చేసిందో అప్పటికే అర్థమైపోయింది.

మార్కపంపా ఊరికి సరస్సు ఆరు గంటల కాలినడక. అక్కడ రాతిగుడిసెలో, ఎండపలకల కరెంటు మీద, లినక్స్‌తో నడిచే చిన్న కంప్యూటరు పెట్టె ఒకటుంది. సరస్సు నెత్తిన మంచు పలకలు వేలాడుతుంటాయి. పెద్ద పలక విరిగి నీళ్ళలో పడితే అల లేచి మొరం కట్ట దాటుతుంది, గంటలో బురద వచ్చి ఊరి సంతని ముంచుతుంది. ఆ పెట్టెనీ, పురపాలక భవనంలో సైరన్‌ని నడిపే ఇంకో పెట్టెనీ చూసుకోవడం ఎనిమిదేళ్ళుగా నేరిదా పని.

పది రోజులుగా ఎవరో బయటివాళ్ళు కొండ మీది పెట్టె తలుపు తడుతున్నారు. రోజుకి వేలసార్లు, తప్పు పాస్‌వర్డులతో. అందుకని బయటివాళ్ళని అడ్డుకునే ఫైర్‌వాల్‌కి కొత్త జాబితా రాసింది. అలాంటి జాబితాలో వరసే ప్రాణం. ఎవరిని రానివ్వాలో ముందు చెప్పాలి, మిగతా అందర్నీ ఆపమని చివర చెప్పాలి. ఇలాంటి పని మొదలుపెట్టేముందు ఆమెకో అలవాటుంది. 'ఐదు నిమిషాల్లో నేను వద్దనకపోతే అంతా పాతలాగే పెట్టెయ్' అని యంత్రానికి ముందే ఒక మాట చెప్పి ఉంచుతుంది. ఎనిమిదేళ్ళలో ఒక్కరోజూ మానలేదు. ఈ రోజు మానింది. రాజధాని లిమా నుంచి పెద్దమనుషులు వచ్చారు, పటం చూపించాలి రమ్మని పై అంతస్తు నుంచి ఆమె అధికారి కిరోస్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆ తొందరలో అందర్నీ ఆపే వాక్యం జాబితా తలకి ఎక్కింది. పైగా దాన్ని డిస్కు మీద కూడా భద్రం చేసేసింది. ఇక పెట్టె ఆపి మళ్ళీ వేసినా అదే జాబితాతో లేస్తుంది.

కొండ మీది పెట్టె చెప్పింది చెప్పినట్టు చేసింది. అందరికీ తలుపు మూసేసింది, ఆమెతో సహా.

గోడ గడియారం చూసింది. పది నలభై నాలుగు.

సరస్సు ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడకపోతే సైరన్ ఎవర్నీ అడక్కుండా మోగుతుంది. ఆ నియమం రాసింది నేరిదానే. అల వస్తే ముందు కొట్టుకుపోయేది ఆ గుడిసే, చెప్పడానికి దానికి సమయం ఉండదు, కాబట్టి మౌనాన్నే ప్రమాదంగా లెక్కపెట్టాలని అప్పట్లో ఆమే వాదించింది. పదకొండు ఏడుకి ఆ గడువు తీరుతుంది. ఈ రోజు గురువారం. సంత. వంతెనకి రెండు పక్కలా బంగాళాదుంప బస్తాలు, గినీ పందుల బుట్టలు, దుప్పట్లు పరిచి కూర్చున్న ఆడవాళ్ళు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో, ఇలాంటి గురువారమే, తీగ కాలి సైరన్ ఉత్తినే మోగింది. జనం వంతెన మీద ఒకర్నొకరు తోసుకున్నారు. యుఫ్రాసియా అనే ముసలావిడ కాళ్ళ కింద పడి పోయింది.

నేరిదా రేడియో అందుకుంది.

"సరస్సు, సరస్సు. మార్కపంపా నుంచి మాట్లాడుతున్నా. తోరిబియో తాతా, వినబడుతోందా?"

గరగర. ఇంకోసారి పిలిచింది. ఇంకోసారి. లోయ మొత్తానికి ఉన్నది ఒకటే ఛానెల్. సరస్సు కాపలాదారు, పార్కు మనుషులు, వ్యాన్ డ్రైవర్లు, పై ఊళ్ళ బడి, ఆసుపత్రి, అందరూ దాని మీదే. ఒకరు మాట్లాడితే అందరూ వింటారు.

"చెప్పు తల్లీ," అన్నాడు తోరిబియో చివరికి. ఆయాసపడుతున్నాడు. "కొలబద్ద దగ్గరున్నా. పొద్దుట్నుంచీ మంచు తెగ గొణుగుతోంది. రాత్రంతా పళ్ళు కొరుకుతూనే ఉంది."

"గుడిసెలోకి రండి తాతా. పెట్టె ముందు కూర్చోవాలి మీరు."

"నేనా? దాన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నావుగా?"

"అన్నాను. ఇప్పుడు ముట్టుకోమంటున్నాను. త్వరగా రండి."

తోరిబియో షువాన్‌కి అరవై దాటాయి. ముప్పై ఏళ్ళుగా సరస్సుని కళ్ళతో కాస్తున్నాడు. రోజూ మూడుసార్లు కొలబద్ద చూసి, నోటు పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసుకుంటాడు. కీబోర్డు ఎప్పుడూ తాకలేదు.

అతను గుడిసె చేరేసరికి పది యాభై ఒకటి. సరిగ్గా అప్పుడే కిరోస్ మెట్లు దిగి వచ్చాడు. విపత్తుల విభాగానికి అతనే పెద్ద. ఇస్త్రీ చొక్కా, మెళ్ళో కార్డు, మొహాన అతిథుల కోసం పెట్టుకున్న నవ్వు ఇంకా పోలేదు.

"నేరిదా, పైన వాళ్ళు సరస్సు బొమ్మ చూపించమంటున్నారు. తెర నల్లగా వస్తోందేం?"

"నావల్లే సార్. జాబితా తిరగేసి రాశాను. పెట్టె మనల్ని రానివ్వడం లేదు. పదకొండు ఏడుకి సైరన్ మోగుతుంది."

ఆ నవ్వు కాస్తా పోయింది. తలుపు దగ్గరగా వేశాడు. "ఆపెయ్. సైరన్ పెట్టె నీ చేతుల్లోనే ఉందిగా? ఇరవై ఐదు తీసి రెండొందలని రాయి. ముసలాయన రేడియోలో బతికే ఉన్నాడు. ఆ గుడిసె ఎక్కడికీ పోలేదు."

అతను అన్నదాంట్లో తప్పేం లేదు. ఒక్క అంకె మార్చాలి, అంతే. అర నిమిషం పని. నేరిదా చేతులు కీబోర్డు మీదికి వెళ్ళాయి, అక్కడే ఆగిపోయాయి.

"చెయ్యను సార్."

"ఏంటీ?"

"పోయిన ఏడాది ఆ ముసలావిడ పోయాక, మర్నాడు తీగలు సరిచేస్తూ సైరన్‌ని ఒక గంట పక్కన పెట్టాను. మళ్ళీ తిప్పడం మరిచిపోయాను. పంతొమ్మిది రోజులు ఈ ఊరికి సైరన్ లేదు. ఎవరికీ తెలీదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను."

కిరోస్ తలుపు వైపు ఒకసారి చూశాడు.

"పొద్దున తొందర్లో ఒక తప్పు చేశాను సార్. ఆ తొందర ఇంకా పోలేదు. ఈ చేతులతో రెండో పెట్టె ముట్టుకోను. అక్కడ మంచు ఊరికే లేదట."

"సంతలో జనాన్ని చూశావా? మళ్ళీ ఎవరైనా కాళ్ళ కింద పడితే?"

రేడియోలో తోరిబియో పిలుస్తున్నాడు. "తల్లీ, కూర్చున్నా. నల్ల పలక మీద తెల్ల అక్షరాలున్నాయి. చివర 'లాగిన్' అని ఉంది."

"మంచిది. నేను చెప్పినట్టు ఒక్కో అక్షరం నొక్కండి. రోసా అని రాస్తే మొదటి అక్షరం. తర్వాత సున్నాలాంటి ఓ, ఇంకో ఓ. తోరిబియోలో మొదటిది. అదే ఆ పెట్టెకి యజమాని పేరు."

ఒక్కో మీట వెతుక్కుంటున్నాడు.

"నొక్కా. పెద్ద పెద్ద అక్షరాలతో వచ్చింది."

"పెద్దవా? ఎడమ చేతి వైపు, అంచున, ఒక దీపం వెలుగుతోందా?"

"పచ్చగా."

"దాని మీట ఒకసారి నొక్కి ఆర్పండి. వెనక్కి చెరిపి మళ్ళీ కొట్టండి. ఆ యంత్రానికి పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు."

"నాకూ వేరే. మా బళ్ళో టీచరు కొట్టి నేర్పాడు," అంటూ మళ్ళీ మొదలుపెట్టాడు.

పది యాభై ఆరు. కిటికీలోంచి వంతెన కనబడుతోంది. సంచులు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు, మధ్యలో హారన్ కొడుతూ కదలని వ్యాను. నేరిదా వాళ్ళని చూసింది. తర్వాత కిరోస్‌ని చూసింది. రేడియో మీట నొక్కింది.

"ఛానెల్‌లో ఉన్నవాళ్ళందరికీ చెప్తున్నాను. నేను నేరిదా కౌషిని, పురపాలకం నుంచి. సరస్సుకేం కాలేదు. నా పొరపాటువల్ల అక్కడి యంత్రం మాతో మాట్లాడటం లేదు. సరిచేస్తున్నాం. పదకొండు ఏడు లోపల కాకపోతే సైరన్ మోగుతుంది. మోగితే పరిగెత్తొద్దు. నడవండి. కానీ నడవండి, ఉత్తిదేలే అని మాత్రం కూర్చోవద్దు. శ్మశానం గుట్ట మీదికి వెళ్ళండి. వంతెన మీదున్నవాళ్ళు ఇప్పుడే దిగి ఒడ్డుకి రండి. వింటున్నవాళ్ళు విననివాళ్ళకి చెప్పండి."

కిరోస్ కుర్చీ వెన్ను గట్టిగా పట్టుకున్నాడు. "లిమావాళ్ళు పైన ఉన్నారు. రేడియోలో నీ తప్పని చెప్పావు. అంటే నా తప్పని చెప్పావు."

"మీరు వంతెన దగ్గరికి వెళ్తే మంచిది సార్. మీ మాట వింటారు."

అతను మెళ్ళో కార్డు తీసి జేబులో కుక్కుకుని, కిందికి పరిగెత్తాడు. ఆమె అది ఊహించలేదు.

"తల్లీ," అన్నాడు తోరిబియో. "పాస్‌వర్డు అడుగుతోంది."

నేరిదా కళ్ళు మూసుకుంది. ఈ సంగతి మరిచేపోయింది. లోయ మొత్తం చెవులు రిక్కించుకుని ఉంది. కొండల భాష కెచువాలో చెప్దామంటే, అందరికీ కెచువా వచ్చు.

"తాతా, మనిద్దరం ఆ పెట్టె పైకి చేర్చిన రోజు గుర్తుందా? బ్యాటరీలు మోసిందే, దాని పేరు. గట్టిగా అనకండి. అన్నీ చిన్నక్షరాలు. పేరు వెంటనే, అది దారిలో ఎన్నిసార్లు మొరాయించి కూర్చుందో ఆ అంకె."

"ఎవరు, మన కనేలానా?"

వెంటనే ఎవరో డ్రైవర్ గొంతు: "కనేలా అంటే ఆ కుంటి గాడిదేగా! గవర్నమెంటు తాళానికి గాడిద పేరటయ్యా!"

"మీట వదలరా మొద్దూ, ఇంజనీరమ్మ మాట్లాడుతోంది!" అంది ఇంకెవరో ఆడమనిషి.

"తాతా, కొట్టండి. ఫర్వాలేదు."

"కొడుతుంటే ఏమీ పడటంలేదు తల్లీ. మీటలు చచ్చిపోయాయి."

"చావలేదు. పాస్‌వర్డు కనబడనివ్వదు. మీరు కొట్టండి, అది వింటుంది."

వినలేదు. తప్పని చెప్పింది. మళ్ళీ మొదట్నుంచి, రోసా, ఓ, ఓ, తోరిబియో. మళ్ళీ తప్పు.

"ఎన్నిసార్లని కొట్టారు?"

"నాలుగు."

"మూడే కదా తాతా!"

"దిగేటప్పుడు ఏరు దగ్గర కూర్చోలేదూ?"

"దిగేటప్పటిది లెక్కలో లేదు! దిగకముందే పెట్టాను పాస్‌వర్డు!"

"అలా చెప్పు మరి," అన్నాడు నొచ్చుకుని.

పదకొండు ఒకటి. అప్పుడే రేడియోలోంచి ఏదో శబ్దం వచ్చింది. మొదట గాలి అనుకుంది. తర్వాత పెద్ద తలుపు ఎక్కడో ధడాలున మూసుకున్నట్టు. దాని వెనకే రాళ్ళబండి దొర్లినట్టు.

"తాతా?"

"పడింది," అన్నాడు. గొంతులో హాస్యం లేదు. "ఎడమ పక్క పలక. నీళ్ళలోకే."

ఇంకో ఆరు నిమిషాలున్నాయి. ఆ పేరు, ఆ అంకె, ఇంకో మూడు మాటలు కొడితే తలుపు తెరుచుకుంటుంది, యంత్రమే నీటి మట్టం చెప్తుంది. అందులో మూడు నిమిషాలు అతను బయటికెళ్ళి రావడానికే పోతాయి.

"వదిలెయ్యండి. బయటికెళ్ళి నీళ్ళు చూడండి. కట్ట దగ్గరికి పోకండి, గట్టు మీంచి చూడండి. రేడియో చేతిలోనే ఉంచుకోండి."

అడుగుల చప్పుడు, గాలి. ఆమె ఒక చెయ్యి సైరన్ చేతి మీట మీద పెట్టుకుంది. అల కట్ట దాటిందంటే గడియారంతో పనిలేదు, ఈ చేత్తోనే మోగిస్తుంది. కిటికీ బయట కిరోస్ వంతెన చివర బస్తా మీదెక్కి చేతులూపుతున్నాడు. దుప్పట్లు మడుస్తున్నారు. కొందరు మడవడం లేదు, వాదిస్తున్నారు.

పదకొండు రెండు. పదకొండు మూడు.

"అల వస్తోంది," అన్నాడు తోరిబియో. "లేచింది. కొలబద్ద మొదటి గుర్తు మింగింది. రెండోది... రెండోది తడిసింది."

ఆమె వేళ్ళు మీట మీద బిగుసుకున్నాయి.

"ఆగు తల్లీ, ఆగు. వెనక్కి పోతోంది. కట్టకి ఇంకా నిలువెత్తు ఉంది. దాటలేదు. నా కళ్ళతో చూశా, దాటలేదు."

"ఇంకో పలక ఏమైనా?"

"పగుళ్ళున్నాయి. ఊగడం లేదు."

ఛానెల్‌లో ఎవరో ఊపిరి వదిలారు. తోరిబియో మళ్ళీ గుడిసెలోకి వచ్చి కూర్చునేసరికి పదకొండు ఐదు. రోసా, ఓ, ఓ, తోరిబియో. గాడిద పేరు. మూడు.

"ఏదో మారింది! కింద వరసలో పేరు వచ్చింది. చివర చిన్న కంచెలాంటి గుర్తు."

"అదే! ఆ కంచె తర్వాత కొట్టాలి, జాబితా మొత్తం చెరిపే మూడు మాటలు. ముందు నా పేరులో మొదటి అక్షరం, ఆ తర్వాత ఫెలిపేలో..."

సైరన్ మోగింది.

అది ఉన్నది ఆమె నెత్తి మీదే, పైకప్పు మీద. అద్దాలు గిలగిలలాడాయి. రేడియోలో తోరిబియో ఏమంటున్నాడో ఒక్క ముక్క వినబడలేదు. నేరిదా రేడియో పట్టుకుని బల్ల కిందికి దూరింది. ఉన్ని కోటు తల మీదుగా కప్పుకుని, రేడియో చెవికి అదిమింది.

"నేరిదాలో మొదటిది! ఫెలిపే! తోరిబియో! తర్వాత ఖాళీ!" అరిచింది. "ఫెలిపే! లూనా! ఉవా! సాల్! తర్వాత ఆ మూగ అక్షరం, పలకని హెచ్!"

"మూగది... ఆఁ, కొట్టా!"

"ఖాళీ! రోసా, ఉవా, లూనా, ఎలేనా, సాల్, ఎలేనా, తోరిబియో! ఎంటర్!"

కోటు లోపల తన ఊపిరే తనకి వేడిగా తగులుతోంది. బయట జనం ఏమవుతున్నారో తెలీదు. లేచి చూడాలని ఉంది. చూస్తే అక్షరం తప్పుతుంది.

"తిడుతోంది తల్లీ. పొడుగ్గా ఏదో రాసింది."

"మీరు కొట్టింది చదవండి, చివరి మాట."

అతను చదివాడు. లూనా తర్వాత ఎలేనా లేదు. మళ్ళీ అంతా మొదట్నుంచి. ఈసారి ఆమె అరవకుండా, ఒక్కో అక్షరం మధ్య ఆగి చెప్పింది. అతను ప్రతిదీ తిరిగి చెప్పాడు.

"ఎంటర్ కొట్టా. ఏమీ అనలేదు. ఊరికే మళ్ళీ కంచె వచ్చింది."

"ఏమీ అనకపోతే అయినట్టే!"

బల్ల కిందనుంచి పాకి బయటికొచ్చింది. తెర మీద ఆగిన అంకెలు కదిలాయి. పదకొండు గంటల పదకొండు నిమిషాలు. నీటి మట్టం, పొద్దుటికన్నా తొమ్మిది సెంటీమీటర్లు ఎక్కువ, తగ్గుతోంది. ఆమె రెండుసార్లు చదివింది. ఆ తర్వాతే సైరన్ ఆపే మీట నొక్కింది. నిశ్శబ్దం ఎంత గట్టిగా ఉందంటే చెవులు నొప్పెట్టాయి.

కిటికీ దగ్గరికి వెళ్ళింది. వంతెన ఖాళీగా ఉంది. మధ్యలో ఒక బస్తా పగిలి బంగాళాదుంపలు దొర్లి ఉన్నాయి. అవతల శ్మశానం గుట్ట ఎక్కుతూ పొడవాటి వరస. గినీ పందుల బుట్టలు, పిల్లలు, దుప్పట్ల మూటలు. ఎవరూ పరిగెత్తడం లేదు. ముందున్న ఒక డ్రైవర్ రేడియో పైకెత్తి పట్టుకున్నాడు, దాని చుట్టూ జనం మూగి నడుస్తున్నారు. కిరోస్ ఒక ముసలాయన్ని మోస్తూ అందరికన్నా వెనకున్నాడు.

నేరిదా కుర్చీలో కూర్చుంది.

"తల్లీ, ఈ కంచె ఇంకా చూస్తోంది. దీన్ని ఇలాగే వదిలెయ్యనా?"

"వద్దు తాతా. అలా తెరిచి వదిలితే ఎవరైనా ఏదైనా చేస్తారు. బయటికి రావడానికి ఒక మాటుంది, నాలుగక్షరాలు. ఎలేనా..."

"ఆగు, రాసుకుంటా," అన్నాడు. కాగితం చప్పుడు. "ఊఁ, చెప్పు. ఈసారి నువ్వు పక్కనుంచి అరవకు. నేనే కొడతా."

అతను కొట్టాడు. నేరిదా జాబితాని సరైన వరసలో మళ్ళీ రాసింది. ఈసారి ముందు ఐదు నిమిషాల మాట చెప్పి ఉంచింది. పాస్‌వర్డు మార్చింది. చేసిందంతా, పంతొమ్మిది రోజుల సంగతితో సహా, కాగితం మీద పెట్టి కిరోస్ బల్ల మీద ఉంచింది. దాంతో ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆమెకి తెలీదు. లిమా పెద్దమనుషులు తమ కారు దగ్గర నిలబడి ఫోన్లు మాట్లాడుకుంటున్నారు.

జనం గుట్ట దిగుతున్నారు. ఇద్దరికి కాలు బెణికింది, ఒకామె సూపు కుండ బోర్లాపడింది, అంతకుమించి ఏం కాలేదని కిరోస్ రేడియోలో చెప్పాడు. నేరిదా వంతెన దగ్గరికి వెళ్ళి, చెల్లాచెదురైన బంగాళాదుంపలు ఏరి బస్తాలో వేయసాగింది.

ఆ బస్తా హెర్మెలిందాది. పోయిన ఏడాది పోయిన యుఫ్రాసియా కూతురు. వచ్చి నేరిదా ముందు నిలబడింది. నేరిదా వంగినచోటే ఆగిపోయింది.

"నీ తప్పేనా?" అంది హెర్మెలిందా.

"నాదే."

"పోయినసారీ నీదేనా?"

"తీగ కాలింది. కానీ ముందే చూసుకోవాల్సింది నేనే."

హెర్మెలిందా ఒక దుంప ఏరి బస్తాలో వేసింది. "మా అమ్మ రేడియో వినేది రోజూ," అంది. "ఎవరైనా ఇవాళ్టిలా చెప్పి ఉంటే నడిచేది."

తర్వాత బస్తా రెండో అంచు పట్టుకుంది. "ఆ మూల ఎత్తు. బరువుంటుంది, నడుం జాగ్రత్త."

ఇద్దరూ కలిసి బస్తా ఎత్తి ఒడ్డుకి చేర్చారు.